నచ్చిందెవరు, నచ్చిందెవరికి

స్పానిష్‌లో గుస్తార్ అని, మన నచ్చడంలాంటి క్రియ ఒకటి ఉందండి. ఆ భాష మొదలుపెట్టినవాళ్ళు తొలి పాఠాల్లోనే దీని దగ్గర తట్టుకుంటారట. యూట్యూబ్‌లో వెతికితే "గుస్తార్ ఎందుకు తిరగబడి ఉంటుంది", "గుస్తార్‌తో తలనొప్పి ఇక లేదు" అని పాఠాలే పాఠాలు. కొన్ని చూశాను. బోర్డు మీద అటొక బాణం, ఇటొక బాణం గీసి చెమటలు కక్కుతూ చెబుతున్నారు పాపం. వాళ్ళు అంతసేపూ చెప్పేది మా అమలాపురంలో మూడేళ్ళ పిల్ల "నాకు నచ్చలేదు, ఫో" అన్న మాటలో ఉంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ వయసులో నాకు స్పానిష్ ఏమిటంటే, డాలస్‌లో ఉన్న మా మనవరాలి పుణ్యం. అక్కడి బడిలో రెండో భాష కింద స్పానిష్ తీసుకుంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, అది వేరే బెంగ. మాకు ఆదివారం పొద్దున్న, వాళ్ళకి శనివారం రాత్రి వీడియో కాల్. ఒక ఆదివారం దాని మొహం చిన్నబోయి ఉంది.

"అమ్మమ్మా, ఈ వెర్బ్ రివర్స్‌లో ఉంది. నేను కాఫీని ఇష్టపడను అంట, కాఫీయే నన్ను ఏదో చేస్తుందంట. టీచర్ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కట్లేదు."

"అమ్మతో పంపిన ఆత్రేయపురం పూతరేకులు తిన్నావా?"

"తిన్నా."

"ఎలా ఉన్నాయి?"

"నచ్చాయి."

"నచ్చాయి అన్నావేం? తిన్నది నువ్వు కదా, నచ్చాను అనాలిగా?"

"నేను నచ్చడమేంటి! పూతరేకులు కదా నచ్చింది!"

"మీ టీచరమ్మ చెప్పేదీ అదేనే."

ఓ క్షణం ఆగి "ఓ..." అంది. ఆ తర్వాత దాని హోంవర్క్ సంగతి సరేగానీ, నేనే ఆ భాషలో పడ్డాను.

మె గుస్త అంటే నాకు నచ్చుతుంది. మె అంటే నాకు, తె అంటే నీకు. లె అంటే ఆయనకి, ఆవిడకి, దానికి; గౌరవంగా పిలిచే "మీకు" కూడా లెయే. నొస్ అంటే మాకూ మనకూ కూడా, వాళ్ళకి ఆ రెంటికీ తేడా లేదు పాపం. లెస్ అంటే వాళ్ళకి. ఇక క్రియ ఎవరిని బట్టి మారుతుందయ్యా అంటే, నచ్చిన వస్తువుని బట్టి. ఒకటైతే గుస్త, ఎక్కువైతే గుస్తన్. మామిడిపళ్ళు నాకు నచ్చుతాయి: మె గుస్తన్ లొస్ మాంగొస్. మనవాళ్ళు "నచ్చింది", "నచ్చాయి", "నచ్చాడు", "నచ్చావు" అని ఎక్కడ మారుస్తారో వాళ్ళూ అక్కడే మారుస్తారు. మన పిల్లలకి ఇది పాఠంగా చెప్పక్కర్లేదు. తెలుగులోంచి నేరుగా స్పానిష్‌లోకి వెళ్ళాల్సిన పిల్లని మధ్యలో ఇంగ్లీషులో దింపి మళ్ళీ ఎక్కిస్తున్నారు, చిక్కంతా అక్కడుంది. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషే కర్త. ఆ అలవాటుతో చూసినవాళ్ళకి గుస్తార్ తిరగబడినట్టుంటుంది. మన వైపు నించి చూస్తే నిటారుగానే నుంచుంది.

పాణిని దీనికి ఒక సూత్రమే రాసిపెట్టాడు: రుచ్యర్థానాం ప్రీయమాణః. నచ్చడం అనే అర్థమున్న ధాతువు వచ్చినప్పుడు, ఎవరికి నచ్చుతుందో వాళ్ళు సంప్రదానం, అంటే పుచ్చుకునేవాళ్ళు; సంప్రదానానికి చతుర్థీ విభక్తి. సంస్కృతం చదువుకున్నవాళ్ళకి నోటికొచ్చే ఉదాహరణ "హరయే రోచతే భక్తిః". భక్తి హరికి రుచిస్తుంది. ఇందులో కర్త భక్తి. హరి అంతటివాడు కూడా "కి" తగిలించుకుని పక్కన నిలబడాల్సిందే. తెలుగు వ్యాకరణంలో ఈ కి, కులని షష్ఠిలో వేశారు. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అని గొంతెత్తి వల్లెవేసిన తరం మాది. పేరు ఏ విభక్తిదైనా పని ఒకటే. అక్కడ చతుర్థి చేసే పనిని ఇక్కడ మన షష్ఠి చేస్తోంది, స్పెయిన్‌లో మె, తె, లెలు చేస్తున్నాయి.

ఇంకో సుఖం ఉంది, పలకడంలో. గుస్తలోని త అచ్చం మన త. నాలుక పళ్ళకి తగలాలి. అమెరికా పిల్లలు గుస్టా గుస్టా అని టకారం పెడుతుంటే మాది మాత్రం మొదటి రోజే సరిగ్గా పలికిందని టీచరు మెచ్చుకుందట. రకారాలు రెండున్నాయి వాళ్ళకి. పెరో అంటే "కానీ", పెఱ్ఱో అంటే కుక్క. బండి ఱ మనం పుస్తకాల్లోంచి కూడా తీసేశాం గానీ వాళ్ళు జాగ్రత్తగా దాచుకున్నారు. మనవరాలికి ఱ రాసి చూపిస్తే "ఇదేంటి అమ్మమ్మా, బండి చక్రంలా ఉంది" అంది. దాని పేరే అది అని చెప్పాను.

ఇంతవరకూ విని, అయితే గుస్తార్ అంటే మన నచ్చడమే, అయిపోయింది అనుకునేరు. అలా అనుకుంటేనే తెలుగువాళ్ళు బోల్తా పడే చోట్లు కొన్నున్నాయి.

మొదటిది లె. "మా అమ్మకి కాఫీ నచ్చుతుంది" అనాలి. ఆ మీ మాద్రె అంటే మా అమ్మకి. దాని తర్వాత గుస్త ఎల్ కఫే అనేస్తే చాలు కదా అనిపిస్తుంది మనకి. చాలదు. ఆ మీ మాద్రె లె గుస్త ఎల్ కఫే అనాలి. "మా అమ్మకి ఆవిడకి కాఫీ నచ్చుతుంది" అన్నట్టన్నమాట. "అమ్మకి" అని ఒకసారి చెప్పాక మళ్ళీ "ఆవిడకి" ఎందుకు, దండగ కదా అని మనవరాలు పేచీ పెట్టింది. అప్పుడు నాకు మా పక్కింటావిడ మాట గుర్తొచ్చింది: "మా అత్తగారికండీ, ఆవిడకి వంకాయ పడదండి!" మన వైపు ఆడవాళ్ళు సగంమంది ఇలాగే మాట్లాడతారు. ముందు మనిషిని పీట వేసి కూచోబెట్టడం, తర్వాత "ఆవిడకి" అని అసలు వాక్యం మొదలుపెట్టడం. పరీక్ష పేపర్లో పిల్లలు ఇలా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. స్పానిష్‌లో ఇదే సరైన వ్యాకరణం.

రెండోది ఎల్, లా. మనకి కాఫీ అంటే కాఫీ, కొబ్బరి అంటే కొబ్బరి. వాళ్ళకి ముందొక చిన్న ముక్క తగిలించాలి, అదీ మగ, ఆడ చూసి. మె గుస్త కఫే అంటే తప్పు, మె గుస్త ఎల్ కఫే అనాలి. కొబ్బరి ఎల్ కోకో. దీని వెనక ఒక ముచ్చటుంది. కోకో అంటే పిల్లల్ని భయపెట్టే బూచి. పోర్చుగీసు, స్పానిష్ నావికులు కొబ్బరికాయ పీచు ఒలిచి చూస్తే మూడు కళ్ళతో మొహంలా కనబడి బూచి పేరు పెట్టారని చెబుతారు. కోనసీమవాళ్ళం, కొబ్బరికాయని చూసి దడుచుకున్నవాళ్ళున్నారంటే మాకు నమ్మబుద్ధి కాదు. పిల్లలకి కన్ను పొడిచి నీళ్ళు తాగడమే తెలుసు.

మూడోది కాలం. చీరల కొట్లో చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటూ "ఇది నచ్చింది" అంటాం. చీర ఇంకా భుజం మీదే ఉంది, నచ్చడం ఇంకా నడుస్తోంది, మాట మాత్రం భూతకాలం. స్పానిష్‌లో ఆ క్షణాన మామూలుగా మె గుస్త అనే అంటారు, వర్తమానం. మె గుస్తో అంటే, చివర ఓ మీద ఒత్తి పలకాలి, చూడడం తినడం అయిపోయాక చెప్పే ముచ్చట. నిన్నటి విందు నచ్చింది, మె గుస్తో. మరి చిన్నప్పుడు ఎప్పుడూ నచ్చుతుండే సంగతైతే? మె గుస్తాబ. ఇక్కడ మళ్ళీ మనకి హాయి, ఎందుకంటే "నచ్చింది", "నచ్చేది" అని మనకి రెండూ ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లలు ఈ గుస్తో, గుస్తాబల మధ్య నెలల తరబడి నలుగుతారట. మా పిల్లకి "నచ్చింది గుస్తో, నచ్చేది గుస్తాబ" అని చెబితే ఆ సాయంత్రమే పట్టేసింది. ఇక మె గుస్తరీయ అని ఇంకో రూపం ఉంది, మర్యాదగా కోరిక చెప్పడానికి. నాకు గోదారి చూడాలని ఉంది: మె గుస్తరీయ వేర్ ఎల్ గోదావరి. అక్కడా "నాకు", ఇక్కడా "నాకు". ఈ వాక్యం మా పిల్లే సొంతంగా చెప్పింది. వేసవి సెలవలకి టికెట్ల ధర చూడమని వాళ్ళ నాన్నకి చెప్పాను.

ఇక మనుషుల సంగతి. ఇక్కడే నాకు అన్నిటికన్నా సరదా పుట్టింది, కొంచెం కడుపులో తిప్పింది కూడా.

"మరి నేను నీకు నచ్చానా?" అని అడిగాను, స్పానిష్‌లో చెప్పమని. నచ్చావు అంటే మె గుస్తస్. అది పకపకా నవ్వి "అమ్మమ్మకి అలా చెప్పకూడదు" అంది. మె గుస్తస్ అంటే ప్రేమ వ్యవహారమట. క్లాసులో ఒకబ్బాయి తెలియక టీచర్‌తోనే అనేశాడట. "మనకీ అంతేనే, నువ్వు నాకు నచ్చావు అని దారిన పోయే కుర్రాడంటే ఊరుకుంటామా" అన్నాను. స్నేహంగా, మనిషి మంచివాడే అనిపించిందని చెప్పడానికి వాళ్ళు వేరే క్రియ వాడతారు: మె కాఎస్ బ్యేన్. కాఎర్ అంటే పడడం. కొబ్బరికాయ చెట్టు మీంచి పడుతుందే, ఆ పడడమే. నువ్వు నాకు బాగా పడతావు అంటున్నారు వాళ్ళు. గిట్టకపోతే మె కాఎ మాల్, నాకు చెడ్డగా పడతాడు. నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "వాళ్ళిద్దరికీ పడదు" అనడం లేదూ మనం? పైగా వాళ్ళు ఈ మాటని తిండికి కూడా వాడతారు. పాలు పడకపోతే, లా లేచె మె కాఎ మాల్. పక్కింటావిడ అత్తగారికి వంకాయ పడనట్టే. సముద్రాలకి అవతలున్న వాళ్ళూ, గోదారి పాయల మధ్యనున్న మేమూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, మనిషి గిట్టకపోవడానికీ తిండి సరిపడకపోవడానికీ ఒకే పడడాన్ని ఎంచుకున్నాం.

నచ్చావు అన్న మాట దగ్గర మనవరాలు ఆగలేదు. "తాతయ్య నీకెలా నచ్చారు?" అంది.

నా పెళ్ళిచూపులు కోటిపల్లి అవతల మా ఊళ్ళో జరిగాయి. పెళ్ళివారు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదారి దాటి వచ్చారు. కాజాలు, జంతికలు పెట్టాం. మా పెద్దనాన్న "అమ్మాయి నచ్చిందా బాబూ?" అని అడిగాడు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు తల్చుకున్నానో, వ్యాకరణంగా మాత్రం ఈ గుస్తార్ వచ్చాకే విప్పి చూశాను. అమ్మాయి, కర్త. నచ్చింది, క్రియ, అది కూడా నన్ను బట్టే మారింది. అబ్బాయి ఎక్కడో "కి" తగిలించుకుని, అదీ పైకి అనకుండా దాక్కుని ఉన్నాడు. వాక్యమంతా నాదే. కానీ జవాబు చెప్పాల్సింది ఆయన. ప్రథమా విభక్తి నాది, పెత్తనం షష్ఠిది. "అబ్బాయి నచ్చాడా అమ్మా" అని నన్ను కూడా ఓ మాట అడిగితే ఆ "కి" నాకొచ్చేది. ఎవరూ అడగలేదు. అప్పట్లో అడగరు కూడాను. హోంవర్క్ పుస్తకంలో గుస్తార్ అంటే ఎదుటివారికి ఆనందం కలిగించు అని అర్థం రాశారే, ఆ ఆనందం కలిగించే పనిని పట్టుచీర కట్టుకుని, తల దించుకుని, చాప మీద కూచుని నేను చేశాను.

ఇదంతా వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న మావారు వింటూనే ఉన్నారు. "ఇప్పుడడగవే మీ అమ్మమ్మని" అని అక్కణ్ణించే కేకేశారు. అది అడిగింది. నేను కాస్త ఆలోచించి "మె కాఎ బ్యేన్" అన్నాను. పడతాడు, పర్వాలేదు. పిల్ల కింద పడి నవ్వింది. ఆయనకి అర్థం చెప్పలేదు.

గుస్తార్ ఒక్కత్తే కాదు, దానికి బంధువర్గం ఉంది. తల నొప్పెడితే మె దుఎలె లా కబేస. నా వయసుకి పనికొచ్చేది మె దుఎలెన్ లాస్ రొదీయస్, మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. చూడండి, వాళ్ళూ "నాకు తల నొప్పి" అంటారే గానీ "నా తల నొప్పి" అనరు. అనిపించడానికి మె పరేసె, నాకనిపిస్తోంది. పులుసుకి ఉప్పు చాలకపోతే లె ఫాల్త సాల్, దానికి ఉప్పు తగ్గింది. ఇలా వరసగా కలిసొస్తుంటే, ఇంకేం, "నాకు" ఉన్న చోటల్లా మె పెట్టేయొచ్చు అనిపిస్తుంది. అక్కడే కొంప మునుగుతుంది. నాకు ఆకలేస్తోంది అనాలంటే మె పనికిరాదు. తెంగొ ఆంబ్రె, నేను ఆకలి కలిగి ఉన్నాను అనాలి. దాహం, భయం, నిద్ర అన్నీ అంతే, తెంగొ సెద్, తెంగొ మ్యేదొ, తెంగొ స్వేన్యొ. వయసు కూడా ఏళ్ళు కలిగి ఉండడమే. నాకు తెలుసు అంటే సె, నాకు కావాలి అంటే క్యేరొ. రెంటిలోనూ నేనే కర్తని. తెలుగులో ఆకలి, దాహం, భయం, తెలివి, కోరిక అన్నీ మన దగ్గరికి వస్తాయి, మనం "కు" పెట్టుకుని గుమ్మంలో నుంచుంటాం. వాళ్ళు నచ్చడానికీ నొప్పికీ మాత్రం గుమ్మం తెరిచి, ఆకలిని తామే చేత్తో పట్టుకున్నారు. ఎందుకలా అంటే, భాషకి ఎందుకు అనేది ఉండదు, నేర్చుకోవడమే.

ఈ గుస్తార్ అసలు లాటిన్ గుస్తారె నించి వచ్చింది. దాని అర్థం రుచి చూడడం. స్పానిష్‌లో కూడా మొదట రుచి చూడడమే, తర్వాత నచ్చడం. మన రుచి అన్న మాట పాణిని చెప్పిన ఆ రుచ్ ధాతువు నించే కదా. ఇక్కడ నచ్చడంలోంచి నాలుక మీది రుచి వచ్చింది, అక్కడ నాలుక మీది రుచిలోంచి నచ్చడం వచ్చింది. ఆ లాటిన్ మాటకి సంస్కృతంలో దూరపు చుట్టం కూడా ఉంది, జుష్ ధాతువు. గీత రెండో అధ్యాయంలో "అనార్యజుష్టమ్" అని కృష్ణుడు అర్జునుణ్ణి కోప్పడే చోట ఉన్నది అదే. జుషీ ప్రీతిసేవనయోః అని ధాతుపాఠం. ప్రీతి, సేవనం రెండూ ఒక్క ధాతువులో. కాఫీ సేవించి ప్రీతి చెందే మా ఇంటికి సరిగ్గా సరిపోయింది.

పాత వాడుకలో గుస్తార్‌కి మనిషే కర్త. ఆ ముక్క ఇప్పటికీ ఒక చోట మిగిలింది, అది నాకు భలే ముచ్చటేసింది. స్పెయిన్‌లో కాస్త పాతకాలపు మర్యాద తెలిసినవాళ్ళు తింటున్నప్పుడు ఎవరైనా వస్తే "గుస్తస్?" అంటారు. అంటే నచ్చావు అని కాదు, నువ్వూ తింటావా అని. వచ్చినవాళ్ళు కూచుని లాగించెయ్యకూడదు. "వద్దండి, కె అప్రొవేచె" అనాలి, అంటే తిన్నది ఒంటికి పట్టుగాక అని. మన దగ్గర విస్తరి ముందు కూచున్నాక గుమ్మంలో ఎవరు కనబడినా "రండి, భోంచేద్దురుగాని" అనాలి. వాళ్ళు "ఆయ్, ఇప్పుడే అయిందండి, మీరు కానివ్వండి" అనాలి. అయిందా లేదా అన్నది వేరే సంగతి. మెక్సికో వైపు ఇదే మాటని కాఫీ కావాలా అని అడగడానికి నిక్షేపంగా వాడుతున్నారు: గుస్త ఉన్ కఫే? ఇలా అడిగితే మాత్రం మె లేదు, లె లేదు. ఇది గుస్తార్ పాత చీర కట్టుకుని వచ్చిన సందర్భం అని గుర్తుపట్టాలి.

మొన్న మనవరాలికి ఇంట్లోవాళ్ళ గురించి గుస్తార్‌తో వాక్యాలు రాయమని పనిచ్చారు. అమ్మకి కాఫీ అని, నాన్నకి క్రికెట్ అని, నాకు మాట్లాడడం, పుస్తకాలు చదవడం అని రాసింది. రెండు పనులున్నా గుస్త ఒకటే ఉంచింది, పనులైతే ఎన్నున్నా ఏకవచనమేనట. మావారి గురించి రాసింది గట్టిగా చదివింది: ఆ మీ అబ్వేలొ నో లె గుస్త నాద. అబ్వేలొ అంటే తాతయ్య అని ఆయన కూడా నేర్చుకున్నారు, అందుకని పేపరు పక్కన పెట్టి వచ్చారు. అర్థం అడిగారు. "తాతయ్యకి ఏదీ నచ్చదు" అని ఒక అర్థం, "అది తాతయ్యకి అస్సలు నచ్చదు" అని ఇంకో అర్థం, రెండూ వస్తాయని చెప్పింది.

"నువ్వు రాసింది రెంటిలో ఏది?" అన్నారు.

"టీచర్ కూడా అదే అడిగింది తాతయ్యా" అంది.